చూడని ఊరికి తిరుగు ప్రయాణం

వేసవి దగ్గర పడుతోందంటే మన ఇళ్ళలో మాటలు టిక్కెట్ల మీదకు మళ్ళుతాయి. ఎవరు ఎన్ని వారాలు వెళుతున్నారు, పిల్లలకి టీకాలు వేయించారా, అమ్మమ్మగారింట్లో ఏసీ ఉందా, పెట్టె బరువు ఎంత దాటింది - ఇవీ మన చర్చలు. నేను పదిహేనేళ్ళుగా ఉంటున్న మినియాపోలిస్‌లో ఇదే రుతువులో, ఇంచుమించు ఇవే మాటలు మరొక జాతి వాళ్ళ ఇళ్ళలోనూ నడుస్తాయి. వాళ్ళు సోమాలీలు. అమెరికాలో సోమాలీలు అందరికన్నా ఎక్కువగా స్థిరపడింది మా మినెసోటా రాష్ట్రంలోనే. మా ఆఫీసులో నా పక్క బల్ల దగ్గర కూర్చునే కుర్రవాడు, ఆస్పత్రిలో నర్సమ్మ, విమానాశ్రయంలో దింపే టాక్సీ ఆయన - రోజుకి ఒక్క సోమాలీ మనిషినైనా పలకరించకుండా మాకు పొద్దు గడవదు.

అయినా మన తెలుగువాళ్ళలో చాలామందికి సోమాలియా అంటే కరువు, సముద్రపు దొంగలు, బాంబులు. ఇక్కడ పుట్టి పెరిగిన సోమాలీ పిల్లలు సెలవులకి ఆ దేశం వెళతారని చెబితే, "అక్కడికా? ఎందుకు?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకి నేను చదివినదాన్ని బట్టి, పక్కనుండి విన్నదాన్ని బట్టి జవాబు చెప్పాలని ఈ వ్యాసం. మన పిల్లల్ని మనం ఎందుకు తీసుకువెళుతున్నాం అన్న ప్రశ్న కూడా దాని వెనకాలే వస్తుంది.

వచ్చిన దారి

ఓడల మీద పనిచేసే సోమాలీలు 19వ శతాబ్దంలోనే బ్రిటన్‌లోని కార్డిఫ్ రేవులో కాపురాలు పెట్టారు. కాని ఇప్పుడు మనం చూస్తున్న పెద్ద వలస యుద్ధం వల్ల వచ్చింది. 1960లో బ్రిటిషువారి కింద ఉన్న ఉత్తర భాగం, ఇటలీ కింద ఉన్న దక్షిణ భాగం స్వతంత్రమై ఒకే దేశంగా కలిశాయి. 1969లో సైన్యాధిపతి సియాద్ బారే అధికారం చేజిక్కించుకున్నాడు. 1988లో ఉత్తరాన తిరుగుబాటు లేస్తే ఆయన ప్రభుత్వం హర్గేసా నగరం మీద బాంబులు వేయించింది. ఆ విమానాలు పరాయి దేశం నుంచి వచ్చినవి కావు. హర్గేసా విమానాశ్రయంలో లేచి, హర్గేసా ఇళ్ళ మీదే బాంబులు వేసి, మళ్ళీ అక్కడే దిగాయి.

1991 జనవరిలో బారే రాజధాని మొగదిషు విడిచి పారిపోయాడు. దక్షిణాన తెగల నాయకుల మధ్య అంతర్యుద్ధం మొదలైంది. ఉత్తర భాగం అదే ఏడు మే నెలలో సోమాలీలాండ్ పేరుతో వేరుపడుతున్నట్టు ప్రకటించుకుంది. ఆ తరువాత ముప్పై ఏళ్ళకు పైగా ఐక్యరాజ్య సమితిలోని ఒక్క సభ్య దేశం కూడా దాన్ని గుర్తించలేదు. అయినా తన జెండా, తన డబ్బు, తన ఎన్నికలు తను నడుపుకుంటూ వచ్చింది. అందుకే మినియాపోలిస్‌లో ఇద్దరు సోమాలీ పిల్లలు "మా దేశం" అంటే, ఒక్కోసారి రెండు వేరు వేరు జెండాలు చూపిస్తారు.

కెన్యాలోని శరణార్థి శిబిరాలు దాటి 1990ల మొదట్లో వీళ్ళు మినెసోటా రావటం మొదలుపెట్టారు. టర్కీ కోళ్ళని కోసి శుభ్రం చేసే కర్మాగారాల్లో ఇంగ్లీషు రాకపోయినా పని దొరికేది. ఒకరి వెనక ఒకరు, చుట్టాలూ పక్కాలూ చేరారు. మన వలసలో కూడా ఒకరి వెనక ఒకరు రావటమే ఉంది కాని ఒక తేడా ఉంది. మనం పట్టా, వీసా చేతపట్టుకుని వచ్చాం. వాళ్ళలో చాలామంది ఇంటికి తాళం వేసే వ్యవధి కూడా లేకుండా బయటపడ్డారు. మనం వదిలివచ్చిన ఊరు మనకి ఫోను చేస్తూనే ఉంది. కొత్త రోడ్డు పడిందనీ, చెరువు కట్ట మీద ఇళ్ళు లేచాయనీ చెబుతూనే ఉంది. వాళ్ళ ఊరు మాత్రం వాళ్ళు ఆఖరుసారి చూసిన రోజు దగ్గరే ఆగిపోయింది. ఆ ఆగిపోయిన ఊరినే కథలుగా పిల్లలకి చెప్పారు. మొగదిషు తెల్లటి ఇళ్ళు, లిడో సముద్రపుటొడ్డు, నాటకశాలల్లో పాటలు, సినిమా హాళ్ళలో హిందీ బొమ్మలు. పిల్లలు "తిరిగి వెళ్ళటం" అంటున్నది, వాళ్ళు ఎన్నడూ చూడని ఈ ఊరికి.

వరసలు తెలిసిన భాష

సోమాలీ తల్లి తన బిడ్డని "హోయో" అని పిలుస్తుంది. హోయో అంటే అమ్మ. తండ్రి పిల్లల్ని "ఆబో" అంటాడు. ఆబో అంటే నాన్న. ఇది వినగానే అమెరికావాళ్ళు తెల్లబోతారు కాని, కూతుర్ని "ఇలా రా అమ్మా" అనీ, కొడుకుని "తినరా నాన్నా" అనీ పిలిచే మనకి వింతేముంది? అంతటితో ఆగదు. తల్లి అక్కచెల్లెళ్ళని "హబర్‌యర్" అంటారు. విడదీస్తే అక్షరాలా చిన్నమ్మ. మేనమామ "అబ్తి", మేనత్త "ఏద్దో", తండ్రి అన్నదమ్ములు "అదేర్". ఇంగ్లీషులో అంకుల్, ఆంటీ అన్న రెండు మాటలతో సరిపెట్టుకునే పిల్లవాడికి అక్కడ దిగగానే ముందు ఎదురయ్యేది ఈ వరసల పరీక్ష. దారిన పోయే పెద్దాయన్ని కూడా అదేర్ అని పిలవకపోతే మర్యాద తెలియని వాడంటారు.

ఈ భాషకి అధికారిక లిపి ఏర్పడింది 1972లో. అప్పటిదాకా పద్యం, చరిత్ర, న్యాయం అన్నీ నోటి మీదే నడిచాయి. రోమన్ అక్షరాలే తీసుకున్నారు కాని కొన్నిటి పలుకు వేరు. 'ఎక్స్' అని రాసి 'హ' లాంటి ధ్వని పలుకుతారు. 'సి' అని రాసి గొంతు లోపలి నుంచి ఒక అచ్చు లాంటిది పలుకుతారు. అమెరికా పిల్లవాడు దుకాణం బోర్డు మీద హల్వా అన్న మాటని "క్జాల్వో" అని చదివాడంటే కొట్టువాడికి వేరే పాస్‌పోర్టు చూపించనక్కర్లేదు.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. 1974-75లో సోమాలియా ప్రభుత్వం పట్నంలోని హైస్కూళ్ళు మూసివేసి, వేలాది విద్యార్థులని పల్లెలకి, ఒంటెలు మేపుకునే సంచార కుటుంబాల దగ్గరికి పంపింది. వాళ్ళు పగలు ఆ కుటుంబాలతో పని చేస్తూ కొత్త అక్షరాలు నేర్పారు. నేర్పటానికి వెళ్ళిన పట్నం పిల్లలు వాళ్ళ దగ్గర అంతకన్నా ఎక్కువ భాషే నేర్చుకున్నారని చెబుతారు. అంటే పూర్వీకుల నేల చూసి రమ్మని కుర్రకారుని పంపటం ఆ దేశానికి కొత్త కాదు. అప్పుడు వాళ్ళకి చేతిలో ఒక పని ఉంది. ఈ సంగతి మళ్ళీ అవసరమవుతుంది, గుర్తుంచుకోండి.

"ఎవరి పిల్లవాడివి?"

సోమాలీలకి మనలా ఇంటిపేరు ఉండదు. తన పేరు, తండ్రి పేరు, తాత పేరు - అంతే. ఆ వరసని అలాగే వెనక్కి పది, పదిహేను తరాలు దాకా వల్లించగలగటాన్ని "అబ్తిర్సి" అంటారు. పూర్వీకుల లెక్క అని అర్థం. చిన్నప్పుడే పిల్లల చేత కంఠతా పట్టిస్తారు. మన ప్రవర లాంటిదే, కాకపోతే రుషుల పేర్లు కాకుండా సొంత తాతముత్తాతల పేర్లు. ఎక్కడో ఒక పేరు దగ్గర ఇద్దరి లెక్కలు కలుస్తాయి. అక్కడ తెలుస్తుంది, ఎదుటివాడు ఎంత దగ్గర చుట్టమో.

అమెరికాలో పెరిగిన పిల్లవాడు అక్కడికి వెళ్ళగానే ఈ ప్రశ్న ఎదుర్కొంటాడు. ఇందులో ఆప్యాయత ఉంది. కొత్త మనిషిని నిమిషంలో ఇంటివాణ్ణి చేస్తుంది. ఇందులో ముల్లూ ఉంది. యుద్ధంలో మనుషుల్ని ఏరి చంపటానికి వాడింది కూడా ఈ లెక్కే. 2000 నుంచి పార్లమెంటు స్థానాలు పంచుకున్నదీ ఈ లెక్కనే: నాలుగు పెద్ద తెగలకి సమాన వాటా, మిగిలిన అందరికీ కలిపి అందులో సగం. "మీ ఇంటిపేరేమిటి? మీరేవిట్లు?" అని మొదటి పరిచయంలోనే కూపీ లాగే మనవాళ్ళని చూసిన మన పిల్లలకి ఈ ప్రశ్న రెండు అంచులూ తెలుసు.

ఆ సగం వాటాలో పడేవాళ్ళలో సోమాలీ బంటూలు ఉన్నారు. వీళ్ళ పూర్వీకులని 19వ శతాబ్దంలో ఇప్పటి టాంజానియా, మొజాంబిక్, మలావీ ప్రాంతాల నుంచి బానిసలుగా తెచ్చారు. సుమారు 12,000 మంది సోమాలీ బంటూలకి 2000ల్లో అమెరికా ఆశ్రయం ఇచ్చింది. ఆ కుటుంబాల్లో పుట్టిన పిల్లకి "నీ పూర్వీకుల దేశం ఏది?" అన్న ప్రశ్నకి ఒక్క టిక్కెట్టుతో జవాబు రాదు.

పిల్లలు చూసేది

విమానం సంగతి ముందు చెబుతాను. ఇరవై ఏళ్ళ పాటు మొగదిషుకి పెద్ద అంతర్జాతీయ సంస్థల విమానాలు లేవు. 2011 ఆగస్టులో అల్-షబాబ్ అనే సాయుధ ముఠా నగరం నుంచి వెనక్కి తగ్గింది. 2012 మార్చిలో టర్కిష్ ఎయిర్‌లైన్స్ ఇస్తాంబుల్ నుంచి విమానాలు మొదలుపెట్టింది. విదేశాల్లో పెరిగిన సోమాలీ యువతకి ఆ దారి తెరుచుకోవటం పెద్ద మలుపు. సోమాలీలాండ్ వెళ్ళేవాళ్ళు దుబాయ్ మీదుగానో, అడిస్ అబాబా మీదుగానో హర్గేసా చేరతారు.

హర్గేసా నడిబొడ్డున ఒక దిమ్మె మీద మిగ్ యుద్ధవిమానం నిలబెట్టి ఉంటుంది. 1988 బాంబుదాడికి గుర్తు అది. అమ్మ ఎప్పుడూ సగంలో ఆపేసే కథ మిగతా సగం పిల్లలకి అక్కడ తెలుస్తుంది. ఆ దాడికి ముందు హర్గేసా రేడియోవాళ్ళు పాటల టేపులని దాచి, నేలలో పాతి కాపాడారు. తరువాత వాటిలో కొన్ని పాటలు 2017లో అంతర్జాతీయ సంకలనంగా విడుదలై గ్రామీ నామినేషన్ దాకా వెళ్ళాయి. 2008 నుంచి ఆ నగరంలో వేసవిలో పుస్తకాల పండుగ జరుగుతోంది. వేల పద్యాలు నోటికి వచ్చిన జాతికి పుస్తకాల పండుగ! సెలవులకి వచ్చిన లండన్, టొరంటో పిల్లలు అక్కడ స్థానిక కుర్రకారుతో కలుస్తారు.

సాఫ్ట్‌వేర్ వాణ్ణి కనుక నాకు ముచ్చట గొలిపిన విషయం ఇంకొకటి. మన దేశంలో యూపీఐ వచ్చింది 2016లో. హర్గేసాలో 2009 నుంచే జాద్ అనే సేవ ద్వారా మామూలు ఫోనులో డబ్బు చెల్లిస్తున్నారు. ఇంటర్నెట్ అక్కర్లేదు, నక్షత్రం గుర్తు, కొన్ని అంకెలు నొక్కితే చాలు. కూరగాయలమ్మే ఆవిడ కూడా ఫోను నంబరు చెబుతుంది. బ్యాంకులు కూలిపోయిన దేశం బ్యాంకు లేకుండా బతకటం ఎలాగో కనిపెట్టుకుంది. జేబు నిండా క్రెడిట్ కార్డులు వేసుకుని దిగిన అమెరికా కుర్రవాడు టీ కొట్టు ముందు దిక్కులు చూస్తాడు.

తిండి దగ్గర మాత్రం ఎవరూ బెంగపడరు. పొద్దున్న అంజేరో - పులియబెట్టిన పిండితో పోసే అట్టు, మన దోసెకి దూరపు చుట్టం. సాయంత్రం సంబూస్, బొబ్బర్లు రుబ్బి వేసిన బజియే, ఏలకులూ దాల్చినచెక్కా వేసిన టీ. మధ్యాహ్నం మాంసం వేసి వండిన అన్నం, పక్కన ఒక అరటిపండు. ఆ పండు భోజనం తరువాత తినేది కాదు, అన్నంతో కలిపి తినేది. పెరుగన్నంలో అరటిపండు నంజుకునే మనం దీన్ని ఎగతాళి చెయ్యలేం!

ఇంటి సంగతి వస్తే కథ మారుతుంది. మొగదిషులో చాలామంది వదిలేసి పోయిన ఇళ్ళలో వేరేవాళ్ళు కాపురాలు పెట్టారు. ప్రసిద్ధ సోమాలీ రచయిత నురుద్దీన్ ఫరా 2007లో అచ్చయిన "నాట్స్" నవలలో, టొరంటో నుంచి వచ్చిన ఒక యువతి తమ ఇంటిని ఒక ముఠానాయకుడి చేతిలోంచి విడిపించుకోవటమే ఇతివృత్తంగా తీసుకున్నాడు. నాన్న చెప్పిన వీధి ఉంటుంది, గేటు ఉంటుంది. తలుపు తీసేది ఎవరో. ఆ తీసిన మనిషి కూడా మరొక ఊరి నుంచి పారిపోయి వచ్చినవాడే కావచ్చు. తండ్రి కథలో దొంగగా ఉన్నవాడు ఎదురుగా పిల్లాపాపలతో నిలబడితే, కథ అంత సులువుగా ముగియదు.

రెండు మాటలు

విదేశాల్లో ఉండే సోమాలీని "ఖుర్బజోగ్" అంటారు. మన ఎన్నారై అన్నట్టే. అన్నట్టే, అందులోనూ గౌరవం కొంత, వెటకారం కొంత. బయటి నుంచి ఏటా వచ్చే వంద కోట్ల డాలర్లకి పైబడిన డబ్బుతో ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి కనుక గౌరవం. బయటి నుంచి వచ్చినవాళ్ళే పెద్ద కుర్చీల్లో కూర్చుంటున్నారు కనుక కోపం. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో రవాణా శాఖ ఉద్యోగిగా ఉన్న మొహమద్ అబ్దుల్లాహీ ఫర్మాజో 2017 నుంచి 2022 దాకా సోమాలియా అధ్యక్షుడు. యుద్ధకాలమంతా అక్కడే ఉండి చదువుకున్న కుర్రవాడు, సెలవులకి వచ్చి ఉద్యోగం పట్టుకున్న ఖుర్బజోగ్‌ని చూసి ఏమనుకుంటాడో మనం ఊహించుకోవచ్చు.

రెండో మాట "డఖన్ ఎలిస్". డఖన్ అంటే సంస్కృతి, ఎలిస్ అంటే తిరిగి రప్పించటం. దారి తప్పుతున్నారని అనుమానం వచ్చిన పిల్లల్ని బాగు చెయ్యటానికి స్వదేశం పంపించటానికి పెట్టిన పేరు ఇది. అలా వచ్చిన పిల్లల్ని కూడా ఆ పేరుతోనే పిలుస్తారు. సెలవులకని తీసుకువెళ్ళి, పాస్‌పోర్టు దాచేసి, తల్లిదండ్రులు మాత్రం తిరిగి వచ్చేసే ఉదంతాలు ఉన్నాయి. అమ్మమ్మ ఇంట్లో ఉంచితే ఒక రకం. భాష వస్తుంది, నలుగురూ దగ్గరవుతారు, కొందరు సంతోషంగానే గుర్తు చేసుకుంటారు. కాని "బాగుచేసే" కేంద్రాలని కొన్ని వెలిశాయి. అనుమతులూ, అజమాయిషీ లేని అలాంటి చోట్ల కొట్టటం, ఇష్టానికి విరుద్ధంగా బంధించటం మామూలని అమెరికా విదేశాంగ శాఖ తన ప్రయాణ హెచ్చరికల్లోనే రాసింది. పిల్లల్ని ఇలా ప్రమాదకర పరిస్థితుల్లోకి పంపటాన్ని డెన్మార్క్ 2019లో నేరంగా చేసింది.

ఆ తల్లిదండ్రుల భయం అబద్ధం కాదు. 2007 నుంచి రెండు మూడేళ్ళలో మినియాపోలిస్ నుంచి ఇరవై మందికి పైగా యువకులు ఇంట్లో చెప్పకుండా వెళ్ళి అల్-షబాబ్‌లో చేరారు. ఆ తరువాత సోమాలియాకి టిక్కెట్టు కొన్న ప్రతి కుర్రవాడినీ విమానాశ్రయంలో అనుమానంగా చూశారు. 2017 జనవరిలో అమెరికా కొన్ని దేశాల పౌరుల రాకని ఆపింది, అందులో సోమాలియా ఉంది. 2021 జనవరిలో ఆ నిషేధం ఎత్తేశారు, 2025 జూన్‌లో కొత్తది వచ్చింది. మన అమ్మానాన్నలు ఆరు నెలలు వచ్చి మనవలతో గడిపి వెళతారు. వాళ్ళ అమ్మమ్మ రాలేని ఏళ్ళల్లో, అమెరికా పౌరుడైన మనవడే ఆమె దగ్గరికి వెళ్ళాలి. "అక్కడికా? ఎందుకు?" అన్నదానికి మా ఆఫీసు కుర్రవాడు చెప్పిన జవాబు ఇదే: ఆవిడ ఇక్కడికి రాలేదు కనుక.

ఉండిపోయినవాళ్ళు

కొందరు చూడటానికి వెళ్ళినవాళ్ళు ఉండిపోతారు. ఇల్వాద్ ఎల్మాన్ మొగదిషులో పుట్టి, కెనడాలోని ఆటవాలో పెరిగింది. తుపాకులు వదిలి చదువుకోమని కుర్రకారుకి చెప్పిన ఆమె తండ్రిని 1996లో మొగదిషులో చంపేశారు. ఇరవై ఏళ్ళ వయసులో, 2010లో, ఇల్వాద్ తల్లి దగ్గరికి ఆ నగరానికే వెళ్ళింది. అత్యాచార బాధితులైన ఆడవాళ్ళకి దేశంలో మొదటి సహాయకేంద్రం నెలకొల్పటంలో తల్లితో కలిసి పనిచేసింది. 2019 నవంబరులో ఆమె అక్క అల్మాస్ అదే నగరంలో తూటా తగిలి చనిపోయింది. ఇల్వాద్ పని మానలేదు.

హోదన్ నలాయే చిన్నప్పుడే కెనడా వెళ్ళిన పాత్రికేయురాలు. యుద్ధం, కరువు తప్ప తన దేశం గురించి వేరే వార్తే ఉండదా అని విసిగి, 2018లో తిరిగి వెళ్ళి జాలరుల గురించి, చిన్న వ్యాపారాలు పెట్టిన ఆడవాళ్ళ గురించి, అందమైన తీరాల గురించి చిత్రాలు తీసి ప్రపంచానికి చూపింది. 2019 జులై 12న కిస్మాయో నగరంలో ఒక హోటల్ మీద అల్-షబాబ్ చేసిన దాడిలో చనిపోయిన 26 మందిలో ఆమె, ఆమె భర్త ఉన్నారు. ఆమె చిత్రాలు చూసి టిక్కెట్టు కొన్న పిల్లలు ఎందరో. ఆమె చూపిన తీరం నిజం, ఆమె మరణమూ నిజం. 2024 ఆగస్టు 2న లిడో ఒడ్డు మీద జరిగిన దాడిలో ముప్పై మందికి పైగా చనిపోయారు. అదే ఒడ్డుకి శుక్రవారాలు జనం మళ్ళీ వస్తున్నారు. ఈ రెంటినీ ఒక్కసారే మనసులో పెట్టుకోవటం ఆ పిల్లలు మనకన్నా చిన్న వయసులోనే నేర్చుకుంటున్నారు.

మనకి దీనితో ఏం పని?

మన ఊళ్ళ మీద బాంబులు పడలేదు. అంచేత మన కష్టాన్ని వాళ్ళ కష్టంతో తూచటం తగదు. కాని "రెండేళ్ళు ఇండియాలో పడేస్తే వాడే దారిలోకి వస్తాడు" అన్న మాట మన విందుల్లో నేను చాలాసార్లు విన్నాను. డఖన్ ఎలిస్ అన్న మాట మన భాషలో లేదంతే, ఆలోచన ఉంది. సోమాలీల అనుభవం దాన్ని గురించి తేటగా చెబుతోంది. శిక్షగా చూపించిన దేశాన్ని ఏ పిల్లా ప్రేమించదు. అమ్మమ్మ మంచం పక్కన కూర్చుని కబుర్లు చెప్పుకోవటానికి సరిపడా భాష టిక్కెట్టు కన్నా ముందు కావాలి. 1974లో పల్లెలకి వెళ్ళిన విద్యార్థులకి లాగా చేతిలో ఏదో ఒక పని ఉంటే, పిల్లలు అతిథులుగా కాక మనుషులుగా అక్కడ మసలుతారు. తాతగారి ఉత్తరాలు స్కాన్ చెయ్యటమైనా సరే, బడిలో నెల్లాళ్ళు లెక్కలు చెప్పటమైనా సరే.

అన్నిటికన్నా ముఖ్యం, తిరిగి వచ్చాక వాళ్ళు చెప్పేది వినాలి. మనం గుర్తుపెట్టుకున్న ఊరుకీ, వాళ్ళు చూసి వచ్చిన ఊరుకీ తేడా వస్తే, కొత్తగా చూసినవాళ్ళ మాటకే విలువ ఎక్కువ. సోమాలీ ఇళ్ళల్లో ఇప్పుడు జరుగుతున్నది అదే. పాతికేళ్ళ కూతురు ఫోనులో ఫొటోలు ఒక్కొక్కటే జరుపుతూ చూపిస్తుంది. అరవై ఏళ్ళ తల్లి కళ్ళజోడు సవరించుకుని, ఆ వీధి చివర వేపచెట్టు ఇంకా ఉందా హోయో, అని అడుగుతుంది.